పాత లైసెన్సు పాత గోడ వరకే

చిరంజీవి బిడ్డకు పెద్దనాన్న ఆశీస్సులు.

మిర్యాలగూడ పెట్రోల్ బంకు పక్కన జాగా అమ్మకానికి వచ్చిందని, దాన్ని కలుపుకొని ఒక డీజిల్ ట్యాంకు, రెండు డిస్పెన్సర్లు (బండ్లకు నూనె పోసే మిషన్లు), చిన్న షాపు పెట్టాలనుకుంటున్నావని మీ నాయన ఫోన్లో చెప్పాడు. ఆలోచన మంచిదే. వానకాలం, యాసంగి వడ్లు మిల్లులకు వచ్చే రోజుల్లో మీ బంకు ముందు లారీలు, ట్రాక్టర్లు రోడ్డు మీదే నిలబడుతున్నాయి. జాగా పెరిగితే ఆ వరుస లోపలికి వస్తుంది. కానీ "లైసెన్సు ఎప్పటి నుంచో ఉంది, పక్కకు జరగడానికి మళ్లీ ఎవర్ని అడగాలి" అని మీ నాయన అన్న మాటతోనే నాకు టెన్షన్ మొదలైంది. బంకు వ్యవహారం ఇప్పుడు నీ చేతిలో ఉంది కాబట్టి నీకే రాస్తున్నాను.

కలెక్టర్ ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఇచ్చినప్పుడు దానితో పాటు సైట్ ప్లాన్ మీద కూడా ముద్ర వేసి ఇస్తారు. పెసో, అంటే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ, ఇచ్చే లైసెన్సు కూడా ఆమోదించిన డ్రాయింగుకే వర్తిస్తుంది. 2002 పెట్రోలియం రూల్స్ ప్రకారం ముందుగా ఆమోదం తీసుకోకుండా ఆ డ్రాయింగులో ఉన్నది మార్చకూడదు. అంటే మీ లైసెన్సు ఇప్పుడున్న ప్రహరీ గోడ దగ్గర ఆగిపోతుంది. గోడ అవతల నువ్వు కొనే జాగా ప్రభుత్వం దృష్టిలో ఇంకా బంకు కాదు. బీరువాలోంచి ఆ పాత ప్లాన్ బయటికి తీసి ఒకసారి చూడు.

జాగాకు అడ్వాన్స్ ఇచ్చే ముందే మున్సిపాలిటీకి వెళ్లి ఆ సర్వే నంబరుకు ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ అడుగు. మాస్టర్ ప్లాన్‌లో రోడ్డు అంచున ఉన్న పట్టీ కమర్షియల్‌గా ఉండి, దాని వెనకే రెసిడెన్షియల్ మొదలవడం మన పట్టణాల్లో మామూలే. నువ్వు కొనే జాగా సగం అటు, సగం ఇటు పడవచ్చు. అలా పడితే ల్యాండ్ యూజ్ మార్చమని దరఖాస్తు పెట్టుకోవాలి. అది మున్సిపల్ ఆఫీసులో తేలే పని కాదు. టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ వాళ్ల దాకా వెళ్తుంది, అభ్యంతరాలు పిలుస్తారు, చివరికి ప్రభుత్వం జీవో ఇవ్వాలి, చార్జీలు కట్టాలి. నెలలు పడుతుంది. అందుకని అమ్మేవాళ్లతో అగ్రిమెంట్‌లోనే "అనుమతి రాకపోతే అడ్వాన్స్ తిరిగి ఇవ్వాలి" అని స్పష్టంగా రాయించు. నోటి మాట మీద వదలకు, వాళ్లు ఎంత దగ్గరివాళ్లయినా సరే. అది ఇంకా వ్యవసాయ భూమిగానే రికార్డుల్లో ఉంటే నాలా కన్వర్షన్ (వ్యవసాయేతర భూమిగా మార్పు) కూడా కావాలి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు, అసైన్డ్ భూమా, నిషేధిత జాబితాలో ఉందా అన్నవి లాయరుతో చూపించు. మీది సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. వెనకాల చిన్న పిల్లకాలువ ఉన్నా దాని పక్కన బఫర్‌గా ఖాళీ జాగా వదలాలి, ఇరిగేషన్ వాళ్ల మాట కూడా కావాలి. ఆ కాలువ ఇప్పుడు పూడిపోయినట్టు కనిపించవచ్చు. మ్యాపులో ఉంటే ఉన్నట్టే.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ పనిలో ఫైలు ఎక్కడ ఆగుతుందని నన్ను అడిగితే, ఆఫీసుల కన్నా ముందు వెనక కాలనీ దగ్గర అంటాను. మీ నాయన బంకు పెట్టినప్పుడు వెనకంతా పొలమే. ఇప్పుడు గోడకు ఆనుకొని ఇళ్లున్నాయి, బాల్కనీల్లో పిల్లల బట్టలు ఆరేస్తున్నారు. రాత్రి ట్యాంకర్ వచ్చి దించుకునేటప్పుడు వాసన, చప్పుడు, లైట్లు భరించేది వాళ్లే. వాళ్లకు చెప్పకుండా జేసీబీ దింపితే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో దరఖాస్తు పడుతుంది. పడితే తప్పు పట్టడానికి లేదు. తమ ఇంటి పక్కన భూమిలో వేల లీటర్ల డీజిల్ నింపుతామంటే నువ్వయినా అడుగుతావు.

కాబట్టి దరఖాస్తు పెట్టకముందే ఇంటింటికీ నువ్వే వెళ్లు. మేనేజర్ని పంపకు, వార్డు లీడర్ని వెంట తీసుకుపోకు. లీడర్ని చూస్తే మనసులో మాట చెప్పరు, ముందు సరే అని తర్వాత కాగితం పెడతారు. సాయంత్రం ఆడవాళ్లు ఇంట్లో ఉండే వేళ వెళ్లు. వాసన సంగతి, బోరు నీళ్ల సంగతి వాళ్లకే బాగా తెలుసు. డ్రాయింగు చూపించి ట్యాంకు ఎక్కడ, వెంట్ పైపు (ట్యాంకు ఆవిరి బయటికి పోయే గొట్టం) ఎక్కడ, ట్యాంకర్ ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో వేలు పెట్టి చెప్పు. వాళ్లు అడిగేవాటిలో చాలావరకు నువ్వు చేయగలిగినవే ఉంటాయి. వెంట్ పైపులు, ట్యాంకర్ నుంచి నూనె దించే ఫిల్లింగ్ పాయింటు రోడ్డు వైపు పెట్టించు. లైట్లు కిందికి వంచు. జనరేటర్ గోడకు దూరంగా జరుపు. నూనె కలిసిన నీళ్లు వాళ్ల మోరీలోకి పోకుండా సెపరేటర్ కట్టు. రాత్రి పది తర్వాత ట్యాంకర్ దించుకోబోమని ఒప్పుకో. ఇవన్నీ లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టి వాళ్లకో కాపీ ఇవ్వు, ఫైల్లో ఒకటి పెట్టు. రేపు విచారణకు వచ్చిన ఆఫీసరుకు రాసుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది. రాసిచ్చింది మాత్రం తప్పకు. నేను నల్లగొండలో ఇదే పద్ధతిలో నడిచాను. మా వెనకింటి ముసలమ్మ ఇప్పటికీ మా బంకు గేటు తెరిచి ఉందో లేదో చూసి చెబుతుంది.

దూరాల సంగతి కూడా తెలుసుకొని ఉండు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కొత్త బంకులు బడులకు, పది పడకలు, అంతకు మించి ఉన్న ఆసుపత్రులకు, నివాస ప్రాంతాలుగా గుర్తించిన చోట్లకు 50 మీటర్ల దూరంలో ఉండాలి. వీలుకాని చోట పెసో చెప్పిన అదనపు జాగ్రత్తలతో కూడా 30 మీటర్లకు తగ్గకూడదు. వాటిని కొత్త బంకుల కోసం రాశారు, నిజమే. కానీ నీ మీద అభ్యంతరం చెప్పేవాళ్లు మొదట ఎత్తేది ఆ కాగితమే. కొత్త ట్యాంకును, ఫిల్లింగ్ పాయింటును ఆ లెక్కకు తట్టుకునే చోటే గీయించు. బలవంతం లేకపోయినా పాటించదగ్గ లెక్క అది.

ఫైలు ఆయిల్ కంపెనీ సేల్స్ ఆఫీసరుతోనే మొదలుపెట్టాలి. కంపెనీ డ్రాయింగు లేకుండా పెసో దగ్గర ఏదీ కదలదు. కొత్త జాగా కంపెనీకి లీజుకు ఇవ్వాలో లేదో ముందే తేల్చుకో. కలెక్టరేట్‌లో ఫైలు పడ్డాక పోలీసు, ఫైర్, రెవెన్యూ, మున్సిపాలిటీ, రోడ్ల శాఖ నుంచి రిపోర్టులు అడుగుతారు. ఎన్ఓసీ ఇస్తారో లేదో మూడు నెలల్లో తేల్చాలని రూల్స్‌లో ఉంది. ఏ రిపోర్టు ఎక్కడ ఆగిందో వారానికోసారి మర్యాదగా కనుక్కో. మొత్తం బ్రోకరు చేతిలో పెట్టకు. లైసెన్సు ఉన్న ఇంజనీరుకు ఫీజు ఇవ్వు, ఫైలు మాత్రం నువ్వే చదువు. షాపుకు, ప్రహరీకి మున్సిపల్ అనుమతి వేరే. "పని మొదలుపెట్టు, అనుమతి అదే వస్తుంది" అని ఎవరైనా అంటే వినకు. అనుమతి లేని కట్టడాన్ని నోటీసు లేకుండానే కూల్చే అధికారం 2020 నాటి టీఎస్ బీపాస్ అనే కట్టడాల అనుమతుల చట్టంలో ఉంది.

రోడ్డు మీదికి కొత్త దారి తీస్తే ఆ రోడ్డు ఎవరిదో వాళ్ల అనుమతి కావాలి. మాస్టర్ ప్లాన్‌లో రోడ్డు వెడల్పు ఎక్కువ చూపిస్తే ముందు భాగం వదలాల్సి వస్తుంది. అది తీసేశాక మిగిలిన జాగాలో ట్యాంకర్ తిరుగుతుందా లేదా అన్నది కాగితం మీద కాదు, సున్నం గీతలు వేసి చూడు.

అన్నీ వచ్చాక గుంత ఎండాకాలంలో, కాలువ కట్టేసిన రోజుల్లో తవ్వించు. నీళ్లు వదిలితే మీ దగ్గర భూమిలో ఊట పైకి వస్తుంది. ఖాళీ ట్యాంకు ఉన్న గుంతలో నీళ్లు చేరితే ట్యాంకు తేలుతుంది. కింద కాంక్రీటుకు బిగించేదాకా నువ్వు దగ్గరే ఉండు. మూతల దగ్గర వాననీరు దిగకుండా చూడు. ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది కాబట్టి కొంచెం నీరు దిగినా ఇథనాల్ ఆ నీటితో కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి బండ్లు ఆగిపోతాయి. పని మధ్యలో పాత ట్యాంకు మూతలు కూడా కదులుతాయి, వాటిని మర్చిపోకు. కొత్త డిస్పెన్సర్లకు తూనికలు కొలతల వాళ్లు సీలు వేసేదాకా ఒక్క లీటరు అమ్మకండి.

ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ చేతికి రాగానే పాత సైట్ ప్లాన్, అగ్రిమెంట్ ముసాయిదా పట్టుకొని ఒక ఆదివారం నల్లగొండ రా. మీ నాయనను కూడా తీసుకురా, ఆయనతో నేను మాట్లాడతాను. అప్పటిదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.

ఇట్లు,
మీ పెద్దనాన్న