మీటింగ్‌లో ఎవరూ మాట్లాడరన్నావు

బెంగళూరు,
ఆదివారం

చిట్టీ,

నిన్న ఫోన్‌లో ఒక మాటన్నావు. "మా టీమ్‌లో ఏ గొడవా లేదు బాబాయ్, మీటింగ్‌లో ఒక్కరూ ఎదురు మాట్లాడరు" అని. లీడ్ అయిన మూడు నెలలకే అంత ప్రశాంతంగా ఉందంటే నాకు కాస్త భయమేసింది. అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెప్తే "సరే సరే" అని పెట్టేస్తావు.

సైకలాజికల్ సేఫ్టీ మీద మీ హెచ్ఆర్ వాళ్ళు ఈపాటికి స్లైడ్లు చూపించే ఉంటారు. దాన్ని మానసిక భద్రత అని తెలుగు చేస్తే పోలీసు బందోబస్తులా వినిపిస్తుంది. నాకు అర్థమైనంతలో సంగతి ఇంతే. "నాకు తెలియదు" అన్నా, "తప్పు నాదే" అన్నా, "మీరు చెప్పింది కుదరదు" అన్నా కొంప మునగదని టీమ్‌లో అందరికంటే చిన్నవాడికి కూడా నమ్మకం ఉండాలి.

అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో అమెరికా ఆసుపత్రుల్లో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్లను లెక్కగట్టింది. బాగా పనిచేసే టీమ్‌లలో పొరపాట్లు తక్కువుంటాయని ఆవిడ అంచనా. తీరా చూస్తే వాళ్ళ లెక్కలోనే ఎక్కువ తేలాయి. తరచి చూస్తే, ఆ టీమ్‌లవాళ్ళు జరిగిన పొరపాటును దాచకుండా చెప్పుకుంటున్నారని అర్థమైంది. ఆ తర్వాత 1999లో ఆవిడ రాసిన వ్యాసంతో సైకలాజికల్ సేఫ్టీ అన్న మాట బాగా వాడుకలోకి వచ్చింది. కాబట్టి నీ వారం రిపోర్టులో రిస్కుల గడి ఖాళీగా కనిపిస్తే సంబరపడకు.

ఇది నాకు పుస్తకాల్లో తెలిసింది తక్కువ, దెబ్బ తిని తెలిసింది ఎక్కువ. 2021లో అందరం ఇళ్ళ నుంచే పనిచేస్తున్నాం. నేను మారతహళ్ళి ఫ్లాట్‌లో. కుర్రాళ్ళలో సగం మంది పీజీలు ఖాళీ చేసి అనంతపురం, కడప వెళ్ళిపోయారు. ఒక రోజు కాల్‌లో ఓ కుర్రాడు ఏదో అడిగితే, పన్నెండు మంది వింటుండగా "ఇది కూడా తెలియదా?" అన్నాను. విసుగులో అన్నమాట, అయిదు నిమిషాల్లో మర్చిపోయాను. రెండు వారాల తర్వాత ఒక ఫైల్‌లో తేదీలు తారుమారైనట్టు మంగళవారం అతనికే కనిపించింది. చెప్పలేదు. శుక్రవారం రాత్రి రిలీజ్, అంటే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్, ఎక్కించాం, శనివారం తెల్లారేదాకా కూర్చుని వెనక్కి తీశాం. అసలు సంగతి అతను ఉద్యోగం మానేశాక గానీ బయటపెట్టలేదు. మడివాళలో ఊరి బస్సు కోసం ఎదురుచూస్తూ, టీ గ్లాసు చేతిలో పెట్టుకుని, "మళ్ళీ అదే మాటంటారేమోనని సార్" అన్నాడు. ఆఫీసులో ఉండుంటే ఆ పూటే అతని ముఖం చూసి పసిగట్టేవాణ్ణేమో. స్క్రీన్ మీద నాకు కనిపించింది, అతని వీడియో గడి ఆరిపోవడం, అంతే.

అప్పటినుంచీ ఒకటి పట్టుకున్నాను. చెడ్డ వార్త వచ్చిన మొదటి నిమిషంలో నువ్వు ఏమంటావో, తర్వాతి వార్త నీదాకా వస్తుందా రాదా అన్నది దాని మీదే ఉంటుంది. ముందు "చెప్పావు, మంచి పని చేశావు" అను. తర్వాత "ఇప్పుడు ఏం ఆపాలి?" అని అడుగు. ఎవరు చేశారన్నది గంటలో దానంతటదే తేలుతుంది. నీ తప్పులు కూడా నువ్వే ముందు చెప్పుకో. "నేనూ మనిషినే" లాంటి గాలి మాటలు వద్దు. "మొన్నటి ఎస్టిమేట్‌లో టెస్టింగ్‌కి రోజులు వెయ్యడం నేనే మర్చిపోయాను" అని లెక్కగా చెప్పు.

మనవాళ్ళ భాష నీకు తెలియంది కాదు. "అయిపోతుందండి" అంటే ఇంకా మొదలుపెట్టలేదని, "చూద్దామండి" అంటే కుదరదని. "అర్థమైందా?" అని అడిగితే అందరూ తలూపుతారు. "ఇది ఆగిపోతే ఎక్కడ ఆగిపోతుంది?" అని అడుగు. అడిగి ఊరుకో. కాల్‌లో పది సెకన్ల మౌనం భరించడం కష్టమే, అయినా దాన్ని నువ్వు నింపకు. చిన్నవాళ్ళని ముందు మాట్లాడనివ్వు, నువ్వు చివర్లో మాట్లాడు.

కొందరు ఆఫీసులో, కొందరు ఇంట్లో ఉండి పనిచేసే ఈ హైబ్రిడ్‌తో ఇంకో చిక్కుంది. బెళ్ళందూరు ఆఫీసులో ఐదుగురు, స్క్రీన్ మీద ముగ్గురు. కాల్ అయ్యాక మీరైదుగురూ కింద దర్శిని హోటల్లో కాఫీ తాగుతూ నిర్ణయం మార్చేస్తారు. హిందూపురంలో ఉన్న అమ్మాయికి అది మర్నాడు కోడ్ చూస్తే తెలుస్తుంది. ఒక్కరు దూరంగా ఉన్నా సరే, అందరూ ఎవరి ల్యాప్‌టాప్ నుంచి వాళ్ళే చేరండి. కాఫీ దగ్గర తేల్చింది టీమ్ చాట్ ఛానెల్‌లో రెండు వాక్యాలు రాసేదాకా నిర్ణయం కింద లెక్కపెట్టకండి. కెమెరా పెట్టమని పట్టుబట్టకు, ఆ అమ్మాయి వెనకాల కుక్కర్ కూతలు, అత్తమామలు ఉండొచ్చు. ఇంకోటి, ఇది నాకూ ఉన్న జబ్బే. నలుగురు తెలుగువాళ్ళం చేరితే కాల్ చివర్లో తెలుగులోకి జారిపోతాం. మీ టీమ్‌లో మైసూరు అబ్బాయి, ఒడిశా అబ్బాయి ఉన్నారన్నావు. మనం నవ్వుకుంటే వాళ్ళ గురించే అనుకుంటారు.

మెతకగా ఉండమంటున్నానని అనుకునేవు. గడువు గడువే, నాసిరకం పనిని నాసిరకమనే చెప్పు, కాకపోతే విడిగా చెప్పు. కానీ తనంతట తాను ఒప్పుకున్న తప్పును అప్రైజల్‌లో, అంటే పనితీరుకు మార్కులేసేటప్పుడు, తవ్వి తీశావంటే మాత్రం, ఇక నీకెవరూ ఏమీ చెప్పరు. అలాగే "మీ ఉద్యోగాలకి నాది హామీ" అని ఎప్పుడూ అనకు. అది నీ చేతిలో లేదని వాళ్ళకీ తెలుసు.

ఆ హిందూపురం అమ్మాయి రెండు వారాలుగా నోరు విప్పట్లేదన్నావుగా. రేపే మాట్లాడు. అయితే "కాల్ మీ" అని రెండు ముక్కలు పెట్టి ఊరుకోకు. పై నుంచి ఆ రెండు ముక్కలు వస్తే, ఇరవై ఆరేళ్ళ సర్వీసున్న నేనే అన్నం కంచం ముందు నుంచి లేచిపోయిన రోజులున్నాయి. ఎందుకు చేస్తున్నావో, ఎంతసేపు పడుతుందో ముందే రాసి, అప్పుడు ఫోన్ చెయ్యి.

మీ పిన్ని వచ్చే ఆదివారం భోజనానికి రమ్మంటోంది.

మీ బాబాయి