నాంపల్లిలో దిగగానే ఆటో ఎక్కకండి

ఆదివారం పొద్దున హైదరాబాద్ నాంపల్లి స్టేషన్‌లో దిగుతాం, రాత్రి అక్కడే బండెక్కాలి, చార్మినార్, గోల్కొండ ఇదివరకే చూశాం, నడిచి చూసేవి ఏమైనా ఉన్నాయా అని అడిగారు కదా. ఉన్నాయండీ. అందులోనూ ఆదివారం రావడం మీ అదృష్టం.

సామాను క్లోక్‌రూమ్‌లో పెట్టి, బయట ఏదైనా ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్ తీసుకోండి. తర్వాత నేరుగా ఆబిడ్స్‌కి నడవండి, దాదాపు కిలోమీటరు. దుకాణాలకు సెలవు కాబట్టి మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరుస్తారు. డిగ్రీ చదివేటప్పుడు నా ఆదివారాలన్నీ అక్కడే గడిచాయి. పోటీ పరీక్షల పుస్తకాలు, ఇంగ్లీషు నవలలే పైన కనిపిస్తాయి. తెలుగు కావాలంటే వంగి, దొంతర అడుగున వెతకాలి. వారపత్రికల్లో వచ్చిన సీరియల్‌ని ఎవరో ఇల్లాలు వారం వారం చింపి, దాచి, బైండు చేయించుకున్నది ఒకసారి నాకు దొరికింది. మొదటి పేజీలో ఆవిడ పేరు, ఊరు. చివరి రెండు వారాలు లేవు. అయినా దాన్ని ఇప్పటికీ వదులుకోలేదు. బేరం ఆడండి, ఏమీ అనుకోరు.

అక్కడికి దగ్గర్లోనే మొజంజాహీ మార్కెట్. 1935లో కట్టిన రాతి కట్టడం, గడియారపు గోపురం. ఎండలో తిరిగి వచ్చాక అక్కడి ఐస్‌క్రీమ్ తప్పకుండా తినండి, సీతాఫలం కాలమైతే ఇంకేమీ అడగొద్దు.

మధ్యాహ్నం వెనక్కి వచ్చి పబ్లిక్ గార్డెన్స్‌లో చెట్ల కింద కాసేపు కూర్చోండి. లోపలే స్టేట్ మ్యూజియం, ఈజిప్టు మమ్మీ అందులోనే ఉంది. పిల్లలుంటే అదొక్కటి చాలు. జనవరిలో వస్తే ఇవన్నీ పక్కన పెట్టి నుమాయిష్‌కి, అంటే నాంపల్లిలో ఏటా జరిగే పెద్ద ఎగ్జిబిషన్‌కి వెళ్ళండి. గురువారం రాత్రయితే యూసుఫైన్ దర్గాలో ఖవ్వాలీ వినమనేవాణ్ణి.

సాయంత్రం మాత్రం తెలుగు విశ్వవిద్యాలయం నాంపల్లి ప్రాంగణం గేటు దగ్గర బ్యానర్ ఏదైనా కట్టారేమో చూడండి. పుస్తకావిష్కరణో, అవధానమో, కూచిపూడో ఉంటే మొహమాటపడకుండా లోపలికి వెళ్ళండి. నేను మొదటిసారి పిలుపు లేకుండానే వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. ఎవరని ఒక్కరూ అడగలేదు సరికదా, ఒక పెద్దాయన జరిగి ఫ్యాను కింద చోటిచ్చారు. పద్యం చెవులారా వినడం నాకు ఆ రోజే మొదలు. సభ ముగిసేసరికి ఎనిమిదైనా టెన్షన్ పడక్కర్లేదు, స్టేషన్‌కి నడిచే వెళ్ళిపోవచ్చు.