నాన్నగారికి ఏ చెవి మిషన్ కొనాలి? రెండుసార్లు కొన్నవాడిగా నా మాట

మీ నాన్నగారికి 68 ఏళ్లు, రెండు చెవుల్లోనూ లోపం సగటున 55 డెసిబెల్స్ అన్నారు. రాజోలులో ఉంటారు. షాపువాళ్లు 16 ఛానెళ్ల మిషనూ, 48 ఛానెళ్ల మిషనూ చూపించి రెండోదే తీసుకోమంటున్నారు. మీ అన్నయ్యేమో హైదరాబాద్‌లో కొంటే తక్కువకి వస్తుందంటున్నారు. ఏది కొనాలన్నది మీ ప్రశ్న.

నాది మండపేట. 31 ఏళ్లు రైస్ మిల్లులో గుమాస్తాగా చేశాను. ఆ హోరులో చెవులు ఎప్పుడు పాడయ్యాయో నాకే తెలీదు. శబ్దం వినపడేది, మాట తెలిసేది కాదు. ఇంట్లో మా ఆవిడ పాలు అన్నా, కాలు అన్నా, తాలు అన్నా నాకు 'ఆలు' అనే వినపడేది. అచ్చు వినపడుతుంది, ముందున్న హల్లు పోతుంది. తర్వాత ఆడియోగ్రామ్, అంటే ఏ శబ్దం ఎంత వినపడుతుందో గీసి చూపే పరీక్ష కాగితం, చూపిస్తే అర్థమైంది. లావు శబ్దాలుండే 500 హెర్ట్జ్ దగ్గర నా చెవి దాదాపు బాగానే ఉంది, సన్నని శబ్దాలుండే 4000 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి గీత గోతిలోకి దిగిపోయింది. మోతలో పనిచేసినవాళ్లకి ముందు దెబ్బ తగిలేది అక్కడేనట. క, త, ప, స లాంటి అక్షరాలను విడదీసి చెప్పే సన్నని శబ్దాలు ఉండేదీ హెర్ట్జ్ ఎక్కువున్న ఆ భాగంలోనే.

అందుకే మొదటి మాట. షాపువాళ్ల బ్రోషర్ పక్కన పెట్టి నాన్నగారి ఆడియోగ్రామ్ చేతిలోకి తీసుకోండి. సగటు 55 అనే ఒక్క అంకెతో మిషన్ ఎంచలేం. గీత సమంగా ఉందా, కుడివైపుకి, అంటే సన్నని శబ్దాల వైపుకి, వెళ్లేకొద్దీ జారిపోతోందా అన్నదాన్ని బట్టే చెవిలో పెట్టే రబ్బరు బుడిపె దగ్గర్నుంచి అన్నీ మారతాయి. పరీక్షకు ముందు ఈఎన్‌టీ డాక్టర్‌తో గులిమి తీయించండి. ఒక చెవి మరీ ఎక్కువ పోయినా, చీము కారుతున్నా, కళ్లు తిరుగుతున్నా మిషన్ సంగతి తర్వాత, ముందు డాక్టర్. ఉన్నట్టుండి వినపడటం మానేస్తే ఆ రోజే వెళ్లాలి.

నేను మొదట చేసిన తప్పు మీరు చేయకూడదని ఇదంతా రాస్తున్నాను. ఒక లాడ్జిలో క్యాంపు పెడితే వెళ్లి, బయటికి కనపడదన్న ఒక్క కారణంతో చెవి లోపల పూర్తిగా ఇమిడిపోయే చిన్న మిషన్ కొన్నాను. ఒక్క చెవికే 38 వేలు. నా గొంతు నాకే కుండలో తలపెట్టి మాట్లాడినట్టు వినపడేది. అన్నం నములుతుంటే కుయ్యిమని ఈల వేసేది. జూలై ఉక్కకి చెమట పట్టి, గులిమి అడ్డుపడి రెండుసార్లు మూగబోయింది. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే 'వచ్చే క్యాంపులో చూస్తాం' అన్నారు, ఆ క్యాంపు రాలేదు. ఏడాదిన్నర బీరువాలోనే ఉంది. డబ్బు పోయిందన్న బాధ కంటే, మా మనవరాలు నాతో మాట్లాడటం తగ్గించేసిందన్న బాధ ఎక్కువ.

రెండోసారి రాజమండ్రిలో ఒక ఆడియాలజిస్ట్ (వినికిడి పరీక్షించి మిషన్ సర్దే నిపుణురాలు) దగ్గరికి వెళ్లాను. ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందే అడిగాను, మీరూ మొహమాటపడకుండా అడగండి. ఆవిడ రెండు కంపెనీల మిషన్లు ఒక్కో వారం ఇంటికిచ్చి పంపారు. ఆవిడ పరీక్ష గదిలో అన్నీ బాగానే వినపడతాయండి, అక్కడ ఫ్యాన్ కూడా ఉండదు. నేను ఒకటి పెట్టుకుని ఆర్టీసీ బస్సులో కూర్చున్నాను, పెళ్లి భోజనాల్లో కూర్చున్నాను, మా ఆవిడ వంటగదిలో కుళాయి తిప్పి ఉంచి నాతో మాట్లాడింది. ఖరీదైనది పెళ్లిలో కొంచెం మెరుగ్గా ఉంది. ఇంట్లో, గుడిలో, టీ కొట్టు దగ్గర నాకు తేడా తెలియలేదు. తక్కువదే తీసుకున్నాను, రెండు చెవులకీ కలిపి 90 వేలు. చెవి వెనక చిన్న పెట్టె, సన్నటి తీగ, చెవి లోపల రిసీవర్ (శబ్దం వినిపించే చిన్న స్పీకర్) ఉండే రకం. నా చెవి లావు శబ్దాలను బాగానే పట్టుకుంటుంది కాబట్టి రంధ్రాలున్న బుడిపె పెట్టారు, దాంతో ఆ కుండ గొంతు పోయింది.

ఛానెళ్లంటే వచ్చిన శబ్దాన్ని ఎన్ని ముక్కలు చేసి విడివిడిగా సర్దగలదన్న లెక్క. 16ని మూడింతలు చేస్తే మాట మూడింతలు తెలియదు. ధర పెరిగేకొద్దీ మీకు దొరికేది ముఖ్యంగా రణగొణలో ఎదుటి మనిషి మాటను పట్టుకునే నేర్పు. నాన్నగారు రోజూ మార్కెట్లో నలుగురి మధ్య కూర్చునేవారైతే దానికి డబ్బు పెట్టొచ్చు. ఎక్కువగా ఇంటి అరుగు మీదే ఉంటారంటే అనవసరం. ఖరీదైనది ఒకటి కొనే డబ్బుంటే మామూలువి రెండు కొనండి. లారీ ఏ పక్కనుంచి వస్తోందో తెలియాలంటే రెండు చెవులూ కావాలి.

ఛార్జింగ్ రకమా, బ్యాటరీ రకమా అన్న దగ్గర మన ప్రాంతం సంగతి ఆలోచించాలి. 1996 నవంబరు తుపాను తర్వాత కోనసీమలో ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో పెద్దవాళ్లకి గుర్తే. గోదావరికి వరదొచ్చినా, గాలి వీచినా కరెంటు మీద నమ్మకం లేదు. నేను 312 సైజు బ్యాటరీలది తీసుకున్నాను, ఒక జత నాకు వారం వస్తుంది. కొత్తదానికి స్టిక్కర్ తీసి, నిమిషం పాటు గాలి తగలనిచ్చి పెట్టాలి. నాన్నగారికి వేళ్లు వణుకుతుంటే మాత్రం ఛార్జింగ్‌దే నయం, అప్పుడు ఛార్జర్‌ను పవర్ బ్యాంక్‌తో నడపొచ్చేమో కనుక్కోండి. బ్లూటూత్ కావాలంటే నాన్నగారి ఫోన్‌తోనే కలిపి చూపించమనండి. అన్ని మిషన్లూ అన్ని ఫోన్లతో కలవవు.

తేమ మన మిషన్లకి పెద్ద శత్రువు. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ పూసలున్న డబ్బాలో పెట్టి మూత బిగించాలి. పూసల రంగు మారితే మార్చాలి. ఇంకొకటి, నాన్నగారికి చెవిలో గోరువెచ్చని కొబ్బరినూనె పోసుకునే అలవాటుంటే మాన్పించండి. మా వీధిలో ఒకాయన రిసీవర్ అలాగే పోయింది.

ఇక హైదరాబాద్ మాట. నేను కొన్న మొదటి రెండు నెలల్లో నాలుగుసార్లు సర్దించుకోవడానికి వెళ్లాను. స్టీలు పళ్లెం కింద పడితే పిడుగు పడ్డట్టుండేది, అది తగ్గించారు. మనవరాలి గొంతు అందలేదు, అది పెంచారు. ప్రతిసారీ హైదరాబాద్ వెళ్లగలరా? రాజోలు నుంచి చించినాడ వంతెన దాటితే పాలకొల్లు, అక్కణ్ణుంచి భీమవరం. అటువైపు మంచి ఆడియాలజిస్ట్ ఉంటే నాలుగైదు వేలు ఎక్కువైనా అక్కడే కొనండి. ఆన్‌లైన్‌లో రెండు వేలకి దొరికేవి మాత్రం వద్దు. అవి మాటనీ మోతనీ ఒకేలా పెంచుతాయి.

మొదటి వారం రోజుకి రెండు మూడు గంటలు చాలు. చెప్పుల చప్పుడు, కాగితం నలిగిన చప్పుడు కూడా విసిగిస్తాయి. నాకు నెల పట్టింది అలవాటు పడటానికి.

ట్రయల్‌కి వెళ్లే రోజు అమ్మగారిని కూడా తీసుకెళ్లండి. మిషన్ పెట్టాక ఆవిడని నాన్నగారి వెనక నిలబడి, పెదాలు కనపడకుండా, ఇంట్లో మాట్లాడే గొంతుతోనే ఏదో ఒకటి అడగమనండి. నాన్నగారు తిరిగి చూడకుండా సరిగ్గా జవాబు చెప్పారంటే, ఆ మిషన్‌ని వారానికి ఇంటికి తెచ్చుకోండి.