ఐస్ మెషీన్‌కు గ్యాస్ పట్టించడమే మరమ్మతు కాదు

ప్రశ్న: విజయవాడలో అరవై మంది కూర్చునే రెస్టారెంట్ నడుపుతున్నాను. రోజుకు 100 కిలోల ఐస్ ఇస్తుందన్న క్యూబ్ మెషీన్‌ను మూడేళ్ల కిందట కొన్నాను. ఏప్రిల్ నుంచి అందులో సగం కూడా రావడం లేదు. మా ఏసీలు చూసే మెకానిక్ రెండు నెలల్లో మూడుసార్లు గ్యాస్ పట్టాడు. పట్టిన ప్రతిసారీ పది పన్నెండు రోజులు బాగానే నడిచి మళ్లీ మొదటికి వస్తోంది. ఇప్పుడు కంప్రెసర్ మార్చాలంటున్నాడు. ఐస్ మెషీన్ బాగుచేసే సరైన మనిషిని ఎలా వెతుక్కోవాలి? ఈలోగా బయట ఐస్ కొనవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కంప్రెసర్ మార్చడానికి అప్పుడే ఒప్పుకోకండి. మెషీన్‌లోని గ్యాస్ స్కూటర్‌లో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు; మూసి ఉన్న గొట్టాల్లోనే తిరుగుతూ ఉంటుంది. గ్యాస్ నిజంగానే తగ్గుతోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఆ లీకును నైట్రోజన్ ఒత్తిడి పెట్టి, సబ్బు నురుగుతో వెతికి, అతుకు వేసి, గ్యాస్‌లోని తేమను పీల్చే డ్రయర్‌ను మార్చి, గొట్టాల్లోని గాలి, తేమ పోయేలా వాక్యూమ్ లాగి, ఆ తర్వాత మెషీన్ మీది రేకుపై రాసిన గ్రాముల లెక్క ప్రకారం గ్యాస్‌ను తూచి నింపాలి. ఈ వరుసలో దేన్ని వదిలేసినా మీరు కట్టింది గ్యాస్ ఖరీదే తప్ప మరమ్మతు ఖర్చు కాదు. ఏ రకం గ్యాస్ వాడాలో కూడా ఆ రేకు మీదే ఉంటుంది. అక్కడ ఆర్-290 అని ఉంటే అది ప్రొపేన్, మండే వాయువు. దానితో పనిచేయడంలో శిక్షణ లేని మనిషిని ఆ మెషీన్ దగ్గర మంట వెలిగించనివ్వకండి.

అయితే ఐస్ తగ్గడానికి ప్రతిసారీ గ్యాసే కారణం కాదు. తయారీదారులు చెప్పే కిలోల లెక్క చల్లని గది, చల్లని నీరు ఉన్నప్పటిది. దాని పక్కనే, గాలి 32 డిగ్రీలు, నీరు 21 డిగ్రీలు అనుకుని ఇచ్చే తక్కువ అంకె కూడా చాలా కంపెనీల కాగితాల్లో కనిపిస్తుంది. విజయవాడ ఎండల్లో వంటగది వేడి, డాబా మీది ట్యాంకులో కాగిన నీరు కలిస్తే ఏ లోపమూ లేని మెషీన్ కూడా ఆ రెండో అంకెనైనా అందుకోలేకపోవచ్చు. దానికి తోడు వేడిని బయటికి వదిలే భాగమైన కండెన్సర్ రెక్కల మధ్య నూనె జిడ్డు, దుమ్ము పేరుకుంటే వేడి బయటికి పోక కంప్రెసర్ అలసిపోతుంది. బోరు నీరు వాడేచోట మరో చిక్కు ఉంది: ఐస్ గడ్డకట్టే పలక మీద నీటిలోని లవణాలు గారలా పట్టి, క్యూబులు సమయానికి ఊడిపడవు. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకపోవడం మేలని భారతీయ ప్రమాణం చెబుతోంది. అలాగని ఆర్‌వో నీరు పెట్టేస్తే సరిపోతుందనుకోవద్దు. నీటిలో కరెంటు పారడాన్ని బట్టి మట్టాన్ని గుర్తించే మెషీన్లలో మరీ శుద్ధమైన నీటితో ఆ సెన్సర్ పొరబడుతుంది. మాన్యువల్ చూసి నిర్ణయించండి.

ఎవరినైనా పిలిచేముందు మీరే ఒక చిన్న లెక్క కట్టండి. ఒక విడత ఐస్ పడినప్పటి నుంచి మరో విడత పడేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో చూసి, ఆ విడత ఐస్‌ను తూచండి. 24 నిమిషాలకు ఒకటిన్నర కిలోలు పడితే రోజుకు 60 విడతలు, అంటే 90 కిలోలు. ఆ సమయంలో గది, నీటి ఉష్ణోగ్రతలు కూడా రాసుకుని, మాన్యువల్‌లోని పట్టికతో పోల్చండి. క్యూబులు పలుచగా వస్తున్నాయా, తెల్లగా మసకబారాయా, అసలు ఊడటం లేదా అన్నది ఫోనులో ఫొటో తీసి ఉంచండి.

ఈ వివరాలు వినగానే మోడల్, నీరు, గది గురించి తిరిగి ప్రశ్నలు వేసేవాడే మీకు కావలసిన మనిషి. రాకముందే గ్యాస్ ధర చెప్పేవాడు కాదు. ముందు మోడల్ నంబరు, సీరియల్ నంబరు ఇచ్చి తయారీదారు సర్వీసు విభాగాన్ని అడగండి. మీ ప్రాంతంలో వారు అనుమతించిన సర్వీసు కేంద్రం ఏదో, కంప్రెసర్‌కు వేరే వారంటీ మిగిలి ఉందో తెలుస్తుంది. అక్కడ దారి దొరకకపోతే పెద్ద హోటళ్ల ఇంజినీరింగ్ విభాగాన్ని, బార్లను అడగండి. ఏసీ పని బాగా తెలిసిన మెకానిక్ నైపుణ్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఐస్ మెషీన్‌లో నీటి వాల్వు, పంపు, ఐస్‌ను ఊడదీసే వేడి గ్యాస్ వాల్వు, కంట్రోల్ బోర్డు కలిసి పనిచేస్తాయి. అందులో ఏది తప్పినా పైకి కనిపించేది ఐస్ తగ్గడమే.

ఏ లోపం దొరికింది, ఏ భాగం మార్చారు, ఎన్ని గ్రాముల గ్యాస్ నింపారు, ఎన్నాళ్ల హామీ అన్నది బిల్లు మీద రాయించుకోండి. ఇది మీకు మరీ ముఖ్యం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వాణిజ్య ప్రయోజనం కోసం పొందిన సేవలను సాధారణంగా తన పరిధిలోకి తీసుకోదు. స్వయం ఉపాధితో పొట్టపోసుకునేవారికి మాత్రమే మినహాయింపు. పదిమందిని పెట్టుకుని నడిపే రెస్టారెంట్‌కు ఆ తలుపు తెరుచుకోకపోవచ్చు కనుక చేతిలోని కాగితమే ఆధారం. ఏడాది నిర్వహణ ఒప్పందం చేసుకుంటే విడిభాగాలు అందులో కలిశాయో లేదో చూసుకుని, గార తీసే పని శివరాత్రి దాటకముందే చేయించండి. లీకు గడ్డకట్టే పలక లోపలే ఉందని తేలితే మాత్రం ఆ పలక ధరను కొత్త మెషీన్ ధర పక్కన పెట్టి ఆలోచించవలసిందే.

బయటి ఐస్ కొనవచ్చు గానీ, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు ఉండి, తాగునీటితో తినడానికే తయారుచేసేవారి దగ్గర, బిల్లుతోనే కొనండి. తినడానికి పనికిరాని ఐస్‌కు నీలం రంగు కలపాలని 2018లో ఆదేశాలు వచ్చాయి. అయినా రంగు లేనంత మాత్రాన దిమ్మ మంచిదని నమ్మి గ్లాసులో వేయకండి. మీ మెషీన్ బాగయ్యాక ఐస్ నిల్వ ఉండే బిన్‌ను కడిగి శుభ్రపరచి, మొదటి రెండు మూడు విడతల ఐస్‌ను పారబోసిన తరువాతే వడ్డనకు వాడండి.