బాలమురళి గారి రాగాలు రాగాలేనా?

"మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు సృష్టించిన మహతి, లవంగి లాంటివి నిజంగా రాగాలేనా, లేక గొంతు బలంతో చేసిన గారడీయా?" అని అడిగారు. రాగాలే. అందులో నాకు రవ్వంత అనుమానం కూడా లేదు. ఎందుకో చెప్పాలంటే నా తొమ్మిదో తరగతి దాకా వెళ్లాలి.

మాది తెనాలి. మా మాస్టారు నన్ను విజయవాడలో ఒక పాటల పోటీకి తీసుకెళ్లారు. పాడటానికి ఆయన ఎంచింది మహతిలో బాలమురళి గారి కృతి, 'మహనీయ మధుర మూర్తే'. ఆ రాగానికి ఉన్న స్వరాలు షడ్జం (స), అంతర గాంధారం (గ), పంచమం (ప), కైశికి నిషాదం (ని). నాలుగే. నేను పల్లవి ముగించి అనుపల్లవి ఎత్తుకున్నానో లేదో, న్యాయనిర్ణేతల్లో ఒకాయన చెయ్యెత్తి ఆపేశారు. "ఇది ఎవరిదమ్మా? అయిదు స్వరాలైనా లేకుండా రాగమేమిటి? త్యాగరాజస్వామివారిది ఏదైనా వస్తే పాడు" అన్నారు. గొంతు పూడుకుపోయింది. ఇంకేమీ పాడకుండానే దిగి వచ్చేశాను.

తిరుగు బస్సులో మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. దుగ్గిరాల దాటాక అన్నారు: "అమ్మాయ్, ఆయన అన్నది తప్పే. కానీ నువ్వు గాంధారాన్ని ఊపుతున్నావు. నేనే ముందు చెప్పవలసింది. రేపట్నుంచి దాన్ని నిలబెట్టు."

మర్నాటి నుంచి వారం రోజులు కృతి లేదు, సాహిత్యం లేదు. తంబురా ముందు కూర్చోబెట్టి గాంధారం, పంచమం, నిషాదం, మళ్లీ షడ్జం. శంకరాభరణంలో గాంధారం కాస్త తడబడితే పక్కనున్న మధ్యమం (మ) ఆదుకుంటుంది, దాన్ని తాకుతూ ఊపేసి గట్టెక్కుతాం. మహతిలో ఆ మధ్యమమే లేదు. తాకితే రాగం పోయినట్టే. ఆరో రోజు సాయంత్రం ఉన్నట్టుండి నా గాంధారం నాకు వినపడటం మానేసింది. భయపడి ఆపేశాను. ఆపినా గాంధారం మోగుతూనే ఉంది! తంబురాలోంచి వస్తోంది. మాస్టారు నవ్వి, "అది స్వయంభూ గాంధారం, ఎవరూ మీటరు, షడ్జం తీగలోంచి తనంతట తానే పుడుతుంది" అన్నారు. పంచమమూ అలాగే పుడుతుంది. ఇంకా చెవి పెడితే కైశికి నిషాదానికి కాస్త కిందగా మరో ధ్వని కూడా ఉంటుంది. అంటే మహతిలోని నాలుగూ ఒక్క తీగలోనే ఉన్నాయన్నమాట. బాలమురళి గారు ఆ రాగాన్ని కూర్చుని లెక్కవేసి కట్టలేదు, తంబురాలో విన్నారు. నా నమ్మకం ఇది, ఎవరు కాదన్నా మార్చుకోను.

వీణ ఎస్. బాలచందర్ లాంటి ఉద్దండుడే ఈ కొత్త రాగాల మీద అభ్యంతరం చెప్పారు, వాదం గట్టిగానే నడిచింది. శాస్త్రం అయిదు స్వరాలు కావాలంటే కావాలనుకోండి. కానీ ఖరహరప్రియ రాగానికి ఇవాళ మనం వింటున్న రూపం వచ్చింది త్యాగరాజస్వామి కృతుల వల్లే కదా. అప్పుడు ఒప్పుకున్నది ఇప్పుడెందుకు ఒప్పుకోకూడదు? పైగా బాలమురళి గారు పరాయివారా? గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి ద్వారా ఆయనది త్యాగరాజస్వామి శిష్యపరంపరే.

నన్ను బాధపెట్టేది మరొకటుంది. 2016 నవంబర్ 22న ఆయన పోయిన రోజు టీవీల్లో తిప్పి తిప్పి వేసినవి సినిమా పాటలే. 'నర్తనశాల'లో 'సలలిత రాగ సుధారస సారం' నాకూ ప్రాణమే. కానీ కోనసీమలోని శంకరగుప్తంలో 1930లో పుట్టి, పుట్టిన కొద్ది రోజులకే తల్లిని పోగొట్టుకుని, ఎనిమిదేళ్లకు విజయవాడలో త్యాగరాజ ఆరాధనలో నిండు కచేరీ చేసిన పిల్లవాడు ఆయన. కౌమారం దాటకుండానే 72 మేళకర్తల్లోనూ, అంటే మిగతా రాగాలకు మూలమైన జనక రాగాలన్నిటిలోనూ, కృతులు కట్టడం మొదలుపెట్టారు. అవి 1952లో 'జనకరాగ కృతిమంజరి'గా అచ్చయ్యాయి. ఆ తర్వాత వర్ణాలు, తిల్లానాలు కలిపి రచనలు 400కు పైనే. ఇంత చేసినవారిని గాయకుడు అని సరిపెట్టడం అన్యాయం. పాట కట్టి, వరుస కట్టి, రాగాన్నే కనిపెట్టినవారిని వాగ్గేయకారుడు అనాలి. కచేరీల్లో చూడండి, చివరి అయిదు నిమిషాల్లో ఆయన కదనకుతూహల రాగ తిల్లానా పాడేసి మంగళం అందుకుంటారు. ప్రధాన కృతిగా ఆయనది పెట్టినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. నా దగ్గర నేర్చుకునే పిల్లలకు మాత్రం నవరాగమాలిక వర్ణం పక్కనే ఆయన గంభీరనాట వర్ణం 'అమ్మ ఆనందదాయిని' చెబుతాను.

మీరు ఒక పని చేయండి. ఎవరింట్లోనైనా నిజమైన తంబురా ఉంటే వెళ్లి, షడ్జం తీగ ఒక్కటే పది నిమిషాలు మీటించుకుని వినండి. చాలా ఎలక్ట్రానిక్ తంబురా పెట్టెల్లో ఆ గాంధారం సరిగా పలకదు. ఆ తర్వాత 'మహనీయ మధుర మూర్తే' పెట్టుకోండి, ఆయన గొంతుతోనే.