పెరటి బఠాణీ: పూత రాలితే, గింజ గట్టిపడితే ఏం చేయాలి?

ప్రశ్న: మాది సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర పల్లె. ఇంటి వెనుక పావు గుంట జాగాలో కూరగాయలు పెట్టుకుంటాం. పోయిన ఏడు సంక్రాంతి అయ్యాక కిరాణా దుకాణంలో తెచ్చిన బఠాణీలు నానబెట్టి విత్తాను. మొలక బాగా వచ్చింది. రెండుసార్లు యూరియా వేస్తే తీగలు నడుమెత్తు పెరిగాయి. పూత మాత్రం చాలావరకు రాలిపోయింది. ఆకుల మీద తెల్లటి పొడి పట్టింది. నిలిచిన కాయల్లో కొన్ని తాలు పోయాయి. మిగతావి బాగా నిండనిద్దామని ఉంచితే గింజ గట్టిపడి పిండిపిండిగా అయింది. ఈసారి పిల్లలకు తీపి బఠాణీ తినిపించాలని ఉంది. ఏ విత్తనం తేవాలి, ఎప్పుడు పెట్టాలి? కాయ కోతకు వచ్చిందని ఎలా తెలుస్తుంది?
– ఒక మహిళా రైతు

జవాబు: అమ్మా, మొలక బాగా వచ్చి తీగ నడుమెత్తు పెరిగిందంటే మీ నేలలో లోపం లేదు. ముఖ్యంగా అదను తప్పింది. బఠాణీ చలికి పండే పైరు. రాత్రి చలిగా, పగలు 25 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటే బాగా పూస్తుంది. పగటి ఎండ 30 డిగ్రీలు దాటిందంటే పూత రాలడం మొదలవుతుంది, నిలిచిన పిందెలోనూ గింజ సరిగా పట్టదు. సంక్రాంతి తర్వాత విత్తిన మీ పైరు పూతకు వచ్చేసరికి మార్చి వచ్చేసి ఉంటుంది. ఆ ఎండలో ఎన్ని నీళ్లు కట్టినా, ఏ మందు కొట్టినా బఠాణీ పూత నిలవదు. పూత నిలబెడతాయని అమ్మే మందుల మీద డబ్బు పోసుకోకండి.

యూరియా కూడా కొంత చెరుపు చేసింది. బఠాణీ కంది, పెసర లాగే పప్పుజాతి మొక్క. వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని దానికి అందిస్తుంది. పైనుంచి యూరియా ఎక్కువగా వేస్తే బుడిపెలు తక్కువ కడతాయి, బలమంతా ఆకుకూ తీగకూ పోతుంది, పూత వెనకబడుతుంది.

ఇక విత్తనం. కిరాణా బఠాణీ ఎండు గింజ కోసం పండించే రకం. గుండ్రంగా, నున్నగా ఉంటుంది, పిండి పదార్థం ఎక్కువ. పచ్చిగా తినే తీపి రకాల ఎండు విత్తనం చూడండి, ముడతలు పడి ఉంటుంది. ఆ గింజలో చక్కెర పిండిగా మారే పని పూర్తిగా జరగదు, అందుకే తీపి నిలుస్తుంది.  కాబట్టి పొట్లం విప్పగానే గింజను చూడండి. నున్నగా ఉంటే మీరు కోరే తీపి రకం కాకపోవచ్చు.

మీకు నా సలహా అర్కెల్ అనే తీపి రకం. మొక్క అడుగున్నర నుంచి రెండడుగుల ఎత్తే ఉంటుంది, 55–60 రోజులకే మొదటి కోత వస్తుంది. మన చలికాలం చిన్నది, దానికి సరిపోయే రకం ఇది. బోన్‌విల్లే కూడా తీపిగా ఉంటుంది కానీ కోతకు 85 రోజుల దాకా పడుతుంది. ఆకుల మీద తెల్ల పొడి పట్టే బూడిద తెగులు ఏటా వేధిస్తుంటే బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ రూపొందించిన అర్కా అజిత్ వేయవచ్చు. బూడిద, తుప్పు తెగుళ్లు రెండింటినీ తట్టుకుంటుంది. అదీ 90 రోజుల రకమే కాబట్టి విత్తడంలో ఆలస్యం పనికిరాదు.

మీ ప్రాంతంలో అక్టోబరు రెండో పక్షం నుంచి నవంబరు మొదటి పక్షం దాకా విత్తుకోవాలి. జాగా మొత్తం ఒకేసారి విత్తకుండా సగం ముందు, పది రోజుల తర్వాత మిగతా సగం వేయండి. ఒకేసారి వేస్తే కాయంతా ఒక వారంలోనే ముంచుకొస్తుంది, ఇంట్లో తినలేక గింజ ముదిరిపోతుంది. కృష్ణా, గోదావరి జిల్లాల పాఠకులకు కూడా ఒక మాట: కోస్తాలో చలి తక్కువ. మీరు అర్కెల్‌ను నవంబరు మధ్యలో విత్తితే పూత డిసెంబరు చివరి చలిలో పడుతుంది. దిగుబడి మాత్రం తెలంగాణ పెరళ్లలో వచ్చినంత ఆశించకండి.

పావు గుంటకు పావు కిలో విత్తనం సరిపోతుంది. 50–60 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, కిలో సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 200 గ్రాముల పొటాష్ ఆఖరి దుక్కిలో కలపండి. యూరియా 100 గ్రాములకు మించవద్దు, అదీ విత్తేటప్పుడు ఒక్కసారే. మందు పట్టించని విత్తనమైతే చిక్కటి బెల్లం నీళ్లు చిలకరించి, బఠాణీకి పనికొచ్చే రైజోబియం (వేరు బుడిపెలు కట్టించే బ్యాక్టీరియా) పొడిని గింజకు అంటేలా కలిపి, నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తండి. కందికీ వేరుశనగకూ ఇచ్చే పొట్లం దీనికి పనిచేయదు, బఠాణీకి అని అడిగి తీసుకోండి. జహీరాబాద్‌లోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, ముందుగా అక్కడ అడిగి చూడండి.

ఎత్తు మడులు చేసి ముందు తడి ఇవ్వండి, పదును మీద అడుగు ఎడం సాళ్లలో నాలుగు అంగుళాలకో గింజ వేయండి. ఒకటిన్నర అంగుళం లోతు చాలు. విత్తిన వెంటనే నీళ్లు ముంచెత్తితే గింజ కుళ్లుతుంది. మొలకలను గువ్వలు, ఉడుతలు పీకేస్తాయి, మొదటి పది రోజులు మడి మీద పాత చీరో, వలో కప్పి ఉంచండి. మీ వైపు కంది కట్టెకు కొదవ లేదు కదా, కొమ్మలున్న కట్టెను సాలు పొడవునా గుచ్చండి. బఠాణీ నులితీగ దారం లాంటిది, లావు కర్రను చుట్టుకోలేదు. కంది కట్టె సన్న రెమ్మలు దొరికితే రెండు రోజుల్లో పట్టేసుకుంటుంది. ఆపైన కాయ నేలకు తగలదు, గాలి ఆడి తెగులూ తగ్గుతుంది. నీళ్లు ఎనిమిది, పది రోజులకో తడి. పూత ముందు, గింజ పట్టేటప్పుడు మాత్రం నేల ఎండనివ్వకండి.

మీరు చూసిన తెల్ల పొడి బూడిద తెగులు. పొడి వాతావరణంలో, ముందు అడుగు ఆకుల మీద మొదలవుతుంది. ఒకటి రెండు ఆకుల మీద కనపడగానే తుంచి దూరంగా పారేయండి. పాకుతుంటే నీటిలో కలిసే గంధకం లీటరుకు 3 గ్రాములు, చల్లటి సాయంత్రం పూట పిచికారీ చేయండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. కాయ తయారుగా ఉంటే కోశాకే కొట్టండి. కోతలు సగం అయ్యాక వచ్చిన తెగులుకు మందే అక్కర్లేదు. పచ్చ పురుగు కాయకు రంధ్రం చేస్తే, ఇంత చిన్న మడిలో చేత్తో ఏరేయడమే మేలు.

ఇప్పుడు కోత. దీని మీద కాస్త శ్రద్ధ పెట్టమని ప్రత్యేకంగా కోరుతున్నాను. సరైన అదనులో విత్తిన బఠాణీ కూడా కోత నాలుగు రోజులు ఆలస్యమైతే రుచి పోతుంది. పువ్వు విచ్చిన సుమారు మూడు వారాలకు కాయ తయారవుతుంది. ముందు కాయ పొడవు సాగుతుంది, అప్పుడు బల్లపరుపుగానే ఉంటుంది. ఆ తర్వాత లోపల గింజ ఊరి ఉబ్బుతుంది. కాయను వేళ్ల మధ్య మెల్లగా నొక్కండి. గింజలు నిండుగా తగులుతూ, కాయ ఇంకా మెరిసే పచ్చగా ఉంటే అదే అదను. మెరుపు తగ్గి, తొక్క మీద ఈనెలు వల అల్లినట్టు తేలితే ముదిరిందన్నమాట. అనుమానం వస్తే ఒక కాయ ఒలిచి గింజ నోట్లో వేసుకోండి. ఇంతకు మించిన పరీక్ష లేదు.

పూత కింది నుంచి పైకి వస్తుంది, కాబట్టి కింది కాయ ముందు తయారవుతుంది. మూడు రోజులకోసారి కోస్తూ ఉండండి. ముదురు కాయలు మొక్క మీదే ఉంటే కొత్త పూత ఆగిపోతుంది. బఠాణీ వేరు లోతుకు పోదు, ఒక చేత్తో తీగను పట్టుకుని ఇంకో చేత్తో కాయ తుంచాలి, లాగితే మొక్కే ఊడి వస్తుంది. పొద్దున్నే కోయండి. కోసిన గడియ నుంచే చక్కెర పిండిగా మారుతూ ఉంటుంది, ఆ పూటకే వండితే పిల్లలకు అసలు తీపి తెలుస్తుంది. మిగిలితే ఒలిచి, మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, వెంటనే చల్లటి నీళ్లలో వేసి, నీరు వార్చి ఫ్రిజ్ డీప్ ఫ్రీజర్‌లో దాచుకోండి. కిలో కాయకు 400 గ్రాముల దాకా గింజ వస్తుంది.

విత్తనం ఏటా కొనక్కర్లేదు. అర్కెల్ హైబ్రిడ్ కాదు, బఠాణీ తన పుప్పొడితోనే ఫలదీకరణ చెందుతుంది. ఆరోగ్యంగా ఉన్న పదీ పదిహేను మొక్కలకు గుర్తుగా గుడ్డ పేలిక కట్టి, వాటి కాయలు కోయకుండా మొక్క మీదే ఎండనివ్వండి. కాయ ఊపితే గింజ గలగలమన్నాక కోసి, బాగా ఎండబెట్టి, పుచ్చు పట్టకుండా బూడిద కలిపి మూత గట్టి డబ్బాలో పెట్టండి. మిగతా మొక్కలను పీకకండి, నేల మట్టానికి కోసి గేదెకు వేయండి. బుడిపెలతో ఉన్న వేళ్లను నేలలోనే వదిలి, ఆ మడిలో బెండ గానీ తోటకూర గానీ వేసుకోండి. బఠాణీని మాత్రం వచ్చే ఏడు వేరే మడికి మార్చండి.