రోజుకు ఇరవై ఇంగ్లీష్ పదాలు బట్టీ పడితే హైస్కూల్ పిల్లల వొకాబులరీ పెరుగుతుందా?

పెద్దగా పెరగదు; తక్కువ పదాలే తీసుకుని, కొన్ని రోజుల ఎడంతో వేర్వేరు వాక్యాల్లో మళ్లీ మళ్లీ చదివి, రాసి, మాట్లాడితేనే నిలుస్తాయి. బట్టీ పట్టి వదిలేసింది ఎంత త్వరగా జారిపోతుందో జర్మన్ సైకాలజిస్ట్ ఎబ్బింగ్‌హాస్ తన మీదే ప్రయోగం చేసుకుని 1885లోనే చూపించాడు, పైగా అర్థం తెలిసినంత మాత్రాన ఆ మాటను ఎక్కడ, దేని పక్కన వాడాలో తెలియదు కదా. ‘మిటిగేట్’ అంటే తగ్గించడం అని మాత్రమే రాసుకున్న పిల్లాడు ‘ఐ మిటిగేటెడ్ మై వెయిట్’ అనేస్తాడు (పాపం, లిస్టులో అంతే ఉంది మరి). అదే పిల్లాడు బెంగళూరు క్లాసులో బెళ్లందూరు చెరువు కాలుష్యం గురించి చదువుతూ ఆ మాట చూసి, రెండు రోజులయ్యాక పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని, తర్వాతి వారం వరదల మీద పేరా రాస్తూ వాడితే, అది రిస్క్, నష్టం, ప్రభావం లాంటి వాటితో వస్తుందని వాడికే తెలిసిపోతుంది.

బెంగళూరులో మన పిల్లలకి ఇంట్లో తెలుగు, బయట కన్నడ కాబట్టే ఇంగ్లీష్ రావట్లేదని టెన్షన్ పడి చాలామంది పేరెంట్స్ ఇంట్లో తెలుగు మానేస్తారు. అది అపోహ. విషయం తెలుగులో ముందే అర్థమై ఉంటే ఇంగ్లీష్ పదం ఇంకా తేలిగ్గా పట్టుబడుతుంది.